మత్తు నివారణ: ఎవరితో ఎవరికి సమన్వయం?

మత్తుపదార్థాల నివారణ గురించి ప్రభుత్వం ఎప్పుడు నోరు విప్పినా ఒక మాట తప్పకుండా వస్తుంది. సమన్వయం. 2016లో కేంద్ర హోంశాఖ ఎన్‌కార్డ్ అనే వ్యవస్థను పెట్టింది. 2019లో దాన్ని నాలుగు అంతస్తులు చేశారు. అన్నిటికంటే పైన కేంద్ర హోం కార్యదర్శి, ఆ కింద అదే శాఖలోని ప్రత్యేక కార్యదర్శి, రాష్ట్రంలో ప్రధాన కార్యదర్శి, జిల్లాలో కలెక్టరు. కాగితం మీద చూస్తే ఇల్లు బాగానే కట్టారు. ఆ ఇంటికి వాకిలి ఎటువైపు పెట్టారన్నదే మా ప్రశ్న.

మా ఇళ్లల్లో విశ్వవిద్యాలయం గడప మొదట తొక్కినవాళ్లం మేము. ప్రభుత్వ పత్రాలు చదవడం మాకు పరిశోధన పని ఒక్కటే కాదు. ఏ పత్రం చేతికొచ్చినా మావాళ్ల పేర్లు అందులో ఏ వైపు ఎక్కాయో వెతుక్కుంటాం. లబ్ధిదారుల వైపా, ముద్దాయిల వైపా? మత్తు నివారణకు సంబంధించిన చట్టాన్నీ పథకాలనీ ఇక్కడ అలాగే చదువుతున్నాం.

మొదట ఎవరి చేతిలో ఏముందో చూద్దాం. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం పాలన కేంద్ర ఆర్థికశాఖలోని రెవెన్యూ విభాగానిది. పట్టుకునే నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరో హోంశాఖది. ఆసుపత్రి చికిత్స ఆరోగ్యశాఖది. జనంలో వాడకాన్ని తగ్గించే బాధ్యత మాత్రం సామాజిక న్యాయ, సాధికారత శాఖది. అంటే ఎస్సీ పిల్లల స్కాలర్‌షిప్పులు ఏ శాఖ చూస్తుందో, డీ-అడిక్షన్ కేంద్రాలకు గ్రాంట్లు కూడా ఆ శాఖే చూస్తుంది. ఇది మాకు చిన్న విషయంగా కనబడదు. మళ్లీ దీని దగ్గరకు వస్తాం.

చట్టాన్ని మేము వ్యాకరణం దగ్గర నుంచి చదివాం. మావాళ్లకు చట్టం మీద అనుమానం పుట్టేది క్రియాపదాల దగ్గరే. 37వ సెక్షన్ చూడండి. వాణిజ్య పరిమాణం కేసుల్లో ముద్దాయి నేరం చేయలేదని నమ్మడానికి సహేతుకమైన కారణాలున్నాయని, బయటికొస్తే మళ్లీ చేయడని కోర్టుకు తృప్తి కలిగితే తప్ప బెయిల్ ఇవ్వకూడదు. విచారణ మొదలుకాకముందే నిర్దోషినని చూపించుకోవాలన్నమాట. ఇక్కడ క్రియ 'కూడదు'. ఇప్పుడు 71వ సెక్షన్ చూడండి. వ్యసనపరుల చికిత్సకు ప్రభుత్వం తనకు తోచినన్ని కేంద్రాలు ఏర్పాటు చేయవచ్చు. ఇక్కడ క్రియ 'వచ్చు'. తోచకపోతే? పెట్టకపోయినా చట్టం తప్పినట్టు కాదు.

ఈ రెండు క్రియల మధ్యనే మొత్తం విధానం నడుస్తోందని మా వాదన. పట్టుకోవడం, లోపల ఉంచడం విధి. నయం చేయడం దయ.

ఇంతకీ చట్టంలో మానవత్వం లేదా అంటే, ఉంది. 64ఎ సెక్షన్ ప్రకారం మత్తుకు అలవాటుపడిన మనిషి చిన్న పరిమాణంతో దొరికినా, వాడకం కేసులో దొరికినా, తానే ముందుకొచ్చి చికిత్స తీసుకుంటే అతని మీద ప్రాసిక్యూషన్ ఉండదు. చిన్న పరిమాణం అంటే గంజాయి అయితే ఒక కిలో. 39వ సెక్షన్ ప్రకారం శిక్ష పడినవాణ్ణి కూడా కోర్టు చికిత్సకు పంపవచ్చు. మంచి సెక్షన్లే. కానీ 64ఎలో ఒక షరతుంది. ఆ చికిత్స ప్రభుత్వమో స్థానిక సంస్థో నడిపే లేదా గుర్తించిన ఆసుపత్రిలోనే జరగాలి. ఆ ఆసుపత్రి ఎక్కడినుంచి రావాలి? 71లోని 'వచ్చు' నుంచి రావాలి. మనిషికిచ్చిన హక్కును తీసుకెళ్లి సర్కారు ఇష్టానికి ముడివేశారు. కేంద్రం లేని జిల్లాలో 64ఎ ఒక అచ్చయిన కాగితం, అంతే.

కేంద్రం ఉన్నచోట కూడా ఈ సెక్షన్ సంగతి ఎవరికి తెలుసు? 2001లో కొకైన్ కేసులో పట్టుబడిన ఒక హిందీ సినీనటుడికి 2012లో ముంబయి ప్రత్యేక కోర్టు ఇదే సెక్షన్ కింద విముక్తి ఇచ్చింది. ప్రభుత్వ ఆసుపత్రిలో చికిత్స చేయించుకున్నాడు గనుక ఇచ్చింది. మాకు దాని మీద ఏ అభ్యంతరమూ లేదు, ఇవ్వాల్సిందే. అదే సెక్షన్ అడ్డా మీద కూలికి నిలబడే కుర్రాడికి ఎవరు చదివి వినిపిస్తారు? వకీలున్నవాడికి 64ఎ, లేనివాడికి 27. ఒకే పుస్తకంలో రెండు చట్టాలు.

2021లో జరిగిన సంగతి కూడా గుర్తుచేయాలి. సొంత వాడకానికి కొద్ది పరిమాణం దగ్గర పెట్టుకున్నవాళ్లను నేరస్తులుగా చూడొద్దని, చికిత్సకు పంపాలని సామాజిక న్యాయశాఖ రెవెన్యూ విభాగానికి సూచించినట్టు ఆ అక్టోబరులో పత్రికల్లో వచ్చింది. ఆ తర్వాత రెండు నెలలకే పార్లమెంటు ఎన్‌డీపీఎస్ చట్టాన్ని సవరించింది కూడా. ఎందుకు? 2014 సవరణలో ఒక క్లాజు అక్షరం మారిపోయి, అక్రమ రవాణాకు డబ్బు పెట్టేవాళ్ల మీది 27ఎ సెక్షన్ పనిచేయకుండా పోయింది. ఆ అక్షరం దిద్దడానికి. దిద్దుబాటును 2014 మే 1 నుంచే వర్తింపజేశారు. దాన్ని మేము తప్పుపట్టడం లేదు. తలుచుకుంటే సర్కారుకు ఎంత వేగం వస్తుందో చూపిస్తున్నాం. శిక్ష వైపు అక్షరం పోతే ఏడేళ్ల వెనక్కి వెళ్లి మరీ తెచ్చారు. చికిత్స సూచన మాత్రం ఆ సవరణలో చోటు దొరక్క బయటే ఉండిపోయింది.

ఇక తెలంగాణ కల్లు దగ్గరకొద్దాం. సమన్వయం అన్న మాటకు ఇంతకంటే గట్టి పరీక్ష మా ఎరుకలో లేదు.

చెట్టు కల్లు వేరు, మందు కల్లు వేరు. ఈ తేడా తాగే ప్రతి మనిషికీ తెలుసు. చెట్లు తగ్గి, దుకాణాలు పెరిగి, వ్యాపారం కాంట్రాక్టర్ల చేతికి పోయినచోట కల్లులో నీళ్లు, చక్కెర, శాకరిన్, వాటితోపాటు క్లోరల్ హైడ్రేటు, డైజిపాం, అల్ప్రాజోలం కలుస్తున్నాయి. అల్ప్రాజోలం నిద్రకు, ఆందోళనకు డాక్టరు రాసే మందు. ఎన్‌డీపీఎస్ చట్టంలో దానికి 5 గ్రాములు చిన్న పరిమాణం, 100 గ్రాములు దాటితే వాణిజ్య పరిమాణం. అలాంటి పదార్థం బకెట్లలోకి పోతోంది. తాగుతున్నది ఎవరు? బీడీలు చుట్టే ఆడవాళ్లు, తాపీ పనోళ్లు, మట్టి పనోళ్లు, సఫాయి పని ముగించుకొచ్చినవాళ్లు. తాము తాగుతున్నది 'డ్రగ్' అని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ప్రభుత్వ భాషలో డ్రగ్ అంటే పబ్బు, పార్టీ, ఇంజనీరింగ్ కాలేజీ. కల్లు దుకాణం ముందు చాప వేసుకుని కూర్చున్న ముసలామె ఆ బొమ్మలో ఇమడదు.

2015లో ప్రభుత్వం కల్తీ కల్లు మీద దాడులు చేసింది. సరఫరా ఆగింది. సెప్టెంబరులో నిజామాబాద్, మహబూబ్‌నగర్, హైదరాబాద్ ఆసుపత్రులకు జనం వరసకట్టారు. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం నిండిపోయింది. చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, ఫిట్లు, లేనిది కనబడటం, సంబంధం లేకుండా మాట్లాడటం. ప్రాణాలు పోయినట్టు కూడా పత్రికలు రాశాయి. వైద్యం చదివిన ఎవరినడిగినా చెప్తారు, ఈ రకం మందు ఏళ్ల తరబడి ఒంట్లోకి పోయాక ఒక్కరోజున ఆపకూడదు. వారాల తరబడి మెల్లగా తగ్గించాలి. ఆపితే ఫిట్లు వస్తాయి, మనిషి పోవచ్చు కూడా.

ఎక్సైజ్ శాఖ తన పని చేసింది. ఆరోగ్యశాఖ తన దగ్గరికి వచ్చినవాళ్లను చేర్చుకుంది. మధ్యలో ఉండాల్సిన సమన్వయమే లేదు. ఫలానా మండలాల్లో వచ్చే వారం దాడులు చేస్తున్నాం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మందు సిద్ధంగా పెట్టండి, ఆశా కార్యకర్తలకు చెప్పి ఉంచండి అన్న ఒక్క ఉత్తరం చాలు. ఆ ఉత్తరం వెళ్లిన జాడ జనం అనుభవంలో లేదు. సరఫరా తగ్గించడం ఒక శాఖది, గిరాకీ తగ్గించడం ఒక శాఖది అని విడదీసి రాసుకుంటే కాగితం మీద బాగుంటుంది. మనిషి ఒంట్లో ఆ రెండూ విడిగా ఉండవు.

ఆ తర్వాత పదేళ్లకు, 2025 జులైలో, హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్లు తాగి మనుషులు చనిపోయారు. కల్లు నమూనాల్లో అల్ప్రాజోలం ఉందని తేలింది. ఈలోగా నాలుగంతస్తుల ఎన్‌కార్డ్ వచ్చింది, 2023లో తెలంగాణకు ప్రత్యేక నార్కోటిక్స్ బ్యూరో వచ్చింది, 2025 జూన్‌లో దాని పేరు ఈగిల్‌గా మారింది. ఆంధ్రప్రదేశ్ కూడా 2024 నవంబరులో పెట్టుకున్న విభాగానికి ఈగిల్ అనే పేరు పెట్టింది. ఈగిల్ అంటే గద్ద. మా ఊళ్లల్లో గద్ద కనబడితే కోడి తన పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుంటుంది. పేరు పెట్టినవాళ్లకు ఈ సంగతి తట్టి ఉండదు లెండి.

ఇక్కడొక మాట స్పష్టం చేయాలి. కల్తీ కల్లు గురించి రాస్తే గీత కార్మికుల మీద నింద పడుతుందన్న భయం ఉంది. చెట్టెక్కి, జారిపడి నడుము విరగ్గొట్టుకునేది గౌడ గీత కార్మికుడు. మందు కలిపి డబ్బు చేసుకునేది అతని పేరు మీద దుకాణం నడిపే పెట్టుబడి. హైదరాబాద్ చుట్టూ మూతపడిన రసాయన కర్మాగారాల్లో అల్ప్రాజోలం తయారుచేస్తూ దొరికిన కేసులు ఎన్నో ఉన్నాయి. ఆ కర్మాగారానికీ కల్లు బకెట్టుకూ మధ్య దారి వెతకాలంటే ఔషధ నియంత్రణ శాఖ, పరిశ్రమల శాఖ, ఎక్సైజ్ ఒకచోట కూర్చోవాలి. అది నిజమైన సమన్వయం. దుకాణంలో పనిచేసే కూలీని పట్టుకొచ్చి ఫొటో తీయడం కాదు.

ఆంధ్ర-ఒడిశా సరిహద్దు కొండల్లో కథ ఇంకో రకం. 2021 చివర్లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు 'పరివర్తన' పేరుతో చింతపల్లి, జి.మాడుగుల, పెదబయలు, ముంచంగిపుట్టు వైపు గంజాయి తోటలు నరికించారు. ఏడువేల ఎకరాలకు పైగా ధ్వంసం చేశామని ప్రకటించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర రెండు లక్షల కిలోలకు పైగా గంజాయిని ఒక్కసారే తగలబెట్టారు. ఆ పొగ దేశమంతా టీవీల్లో చూసింది. తోట వేసిన ఆదివాసీకి విత్తనమెవరిచ్చారు, అడ్వాన్సు ఎవరిచ్చారు, సరుకు ఏ రాష్ట్రానికి పోయింది అన్నది మాత్రం ఆ పొగలో కనబడలేదు.

చట్టం లెక్క ఇక్కడ ఎలా పనిచేస్తుందో చూడండి. గంజాయికి 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. శిక్ష తక్కువలో తక్కువ పదేళ్లు, గరిష్ఠం ఇరవై. కొండ దారిలో ఒక మనిషి నెత్తిన మోయగల మూట బరువు దాదాపు అంతే. అంటే కూలికి మూట మోసిన కుర్రాడు ఆ బరువు చేతనే 'వాణిజ్య' నేరస్తుడవుతాడు. మూట తనది కాదు, లాభం తనది కాదు, బరువొక్కటే తనది. పెద్ద వ్యాపారుల్ని గట్టిగా శిక్షించి చిన్నవాళ్ల పట్ల ఉదారంగా ఉండాలన్న ఉద్దేశంతోనే 2001లో ఈ పరిమాణాలు తెచ్చారు. కానీ తూకం యంత్రానికి మోసేవాడికీ మోయించేవాడికీ తేడా తెలీదు. విశాఖ కేంద్ర కారాగారం గంజాయి కేసుల ఖైదీలతో నిండిందని పత్రికలు పదేపదే రాశాయి. డబ్బు పెట్టినవాడి కోసం దిద్దుకొచ్చిన 27ఎ ఉంది గదా, దాని కింద ఎంతమంది లోపల ఉన్నారని ఎవరైనా అడిగితే బాగుండు.

కొండల గురించే ఇంకొకటి. 1948 నవంబరులో రాజ్యాంగ సభ మద్యనిషేధం గురించి చర్చిస్తున్నప్పుడు జైపాల్ సింగ్ ముండా లేచి అభ్యంతరం చెప్పాడు. ఆదివాసీల బియ్యపు కల్లు వాళ్ల పూజలో, పొలం పనిలో భాగమని, పైనుంచి నిషేధం రుద్దొద్దని ఆయన వాదన. సభ వినలేదు, 47వ అధికరణం వచ్చింది. 1996 నాటి పెసా చట్టం ఆ మాటకు కొంతయినా జవాబు చెప్పింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తుపదార్థాల అమ్మకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకు, పంచాయతీకి ఉండాలన్నది. అధికారమేమో గ్రామసభది. జిల్లా ఎన్‌కార్డ్ సమావేశం నడిపేది కలెక్టరు. ఆ బల్ల చుట్టూ పోలీసు, ఎక్సైజ్, అటవీ, వ్యవసాయ, ఆరోగ్య, విద్యా శాఖల అధికారులకు కుర్చీలున్నాయి. గ్రామసభ కుర్చీ ఎక్కడ? గంజాయి మానితే రాజ్‌మా, పసుపు, కాఫీ వేసుకోమంటున్నారు. మంచిదే. కాఫీ మొక్క కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. ఆ మధ్యకాలంలో పొయ్యి మీద ఏముంటుందన్నది గ్రామసభ అయితే మొదటే అడిగేది.

ఇప్పుడు సామాజిక న్యాయశాఖ దగ్గరికి వెనక్కి వద్దాం. ఈ శాఖ కోసం ఎయిమ్స్ నిపుణులు చేసిన జాతీయ సర్వే 2019లో వచ్చింది. రెండు లక్షల ఇళ్లు తిరిగారు. దేశంలో సుమారు 16 కోట్ల మంది మద్యం, 3 కోట్లకు పైగా మంది గంజాయి-భంగు రకాలు, 2 కోట్లకు పైగా మంది నల్లమందు-హెరాయిన్ జాతివి, కోటికి పైగా మంది నిద్రమందుల జాతివి వాడుతున్నారని తేల్చారు. మద్యానికి బానిసలైనవాళ్లలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. ఈ ఒక్క అంకె చాలు ఎవరినైనా నిలదీయడానికి. మంచి సర్వే, కష్టపడి చేశారు. ఆ అంకెలు రాష్ట్రాలవారీగా, వయసువారీగా, ఆడ-మగవారీగా విధానంలోకి ఎక్కాయి. కులంవారీగా, చేసే పనివారీగా ఎవరన్న ప్రశ్న మాత్రం విధానానికి పునాది కాలేదు. ఆ అంకెల ఆధారంగా 272 జిల్లాలు ఎంచుకుని 2020 ఆగస్టు 15న నషా ముక్త్ భారత్ అభియాన్ మొదలుపెట్టారు. ప్రతిజ్ఞలు, ర్యాలీలు, వ్యాసరచన పోటీలు. ఇన్ని కోట్ల మందికి చేరామని ప్రకటనలు. ప్రతిజ్ఞ చేసినవాళ్లను లెక్కపెట్టడం సులువు, మంచం దొరకనివాణ్ణి లెక్కపెట్టడమే కష్టం.

ప్రభుత్వానికి కులం తెలీదా? చక్కగా తెలుసు. 2021లో తెలంగాణ ప్రభుత్వం మద్యం దుకాణాల్లో గౌడలకు 15, ఎస్సీలకు 10, ఎస్టీలకు 5 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. అప్పట్లో లాటరీలో పేరు వేసుకోవడానికే రెండు లక్షలు కట్టాల్సి వచ్చేది, అది తిరిగివచ్చేది కాదు. అమ్మేటప్పుడు మా కులం సర్కారుకు గుర్తొచ్చింది. తాగి కాలేయం చెడినవాడికి మంచం ఇచ్చేటప్పుడు 'మత్తుకు కులం లేదు' అంటుంది. జైలు లెక్కలో కూడా కులం గడి ఉంది. 2019 ఆఖరుకు దేశంలోని 4,78,600 మంది ఖైదీల్లో 3,15,409 మంది ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలేనని కేంద్రమే రాజ్యసభకు చెప్పింది. దుకాణం లైసెన్సుకు కులం ఉంది, జైలు రిజిస్టరుకు కులం ఉంది. ఈ రెంటి మధ్యా ఉన్న చికిత్స విధానానికే కులం లేకుండా పోయింది.

ఏది మత్తు, ఏది సంప్రదాయం అన్న గీత కూడా అలాగే గీశారు. చట్టం ప్రకారం గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలు. ఒట్టి ఆకు ఆ నిర్వచనంలోకి రాదు. అందుకే భంగు నేరం కాదు, ఉత్తరాదిలో సర్కారు లైసెన్సు దుకాణాల్లో అమ్ముతారు, హోలీకి, శివరాత్రికి పెద్దకులాల ఇళ్లల్లో నూరుకుంటారు. ఒకే మొక్క. ఆకు గుడి వైపు పోయింది, పూత జైలు వైపు పోయింది.

మావాళ్లలోనే కొందరు మమ్మల్ని అడుగుతున్నారు: "కులం గడి వెయ్యమంటే 'తాగేది మీరే' అని ముద్ర వేయించుకోవడం కాదా?" ఈ ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయలేం. మాల మాదిగ వాడ అనగానే తాగుబోతు బొమ్మ గీసే సాహిత్యం, సినిమా ఇప్పటికీ ఉన్నాయి. మా జవాబు ఇదీ. ముద్ర ఎప్పుడో పడింది, లెక్క లేకుండానే పడింది. లెక్క వస్తే ముద్ర చెరగవచ్చు కూడా, పెద్దకులాల ఇళ్లల్లో ఎంత తాగుతున్నారో బయటపడుతుంది గనుక. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మద్యం పట్టికలో ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ గళ్లు ఉన్నాయి, ఆకాశమేమీ విరిగి పడలేదు. పైగా మత్తును గురించి మొదట గొంతెత్తింది కూడా మన జనమే. ఫూలే పుణె మునిసిపాలిటీలో ఉండగా సారా దుకాణాలను వ్యతిరేకించాడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత వాచకం చదువుకున్న కూలి ఆడవాళ్లు సారా అంగడి మూయించారు. వాళ్లు పోరాడింది ఎవరి మీద? 'వారుణి వాహిని' పేరుతో ఊరూరా సారా పంపిణీ చేసిన సర్కారు మీద. 1993 అక్టోబరులో సారా, 1995 జనవరిలో మద్యమంతా నిషేధించారు, 1997లో ఖజానా ఖాళీ అయిందని ఎత్తేశారు. ఆ ఆడవాళ్ల దగ్గర సమన్వయ కమిటీ లేదు. ఏ అంగడి ఎవరిదో, ఏ ఇంట్లో ఎవరు ఎంత తాగుతున్నారో, ఏ పోలీసుకు ఎంత ముడుతోందో వాళ్లకు తెలుసు. ఆ ఎరుక నాలుగంతస్తుల్లో ఏ అంతస్తుకూ ఎక్కలేదు.

చివరిగా, పని సంగతి. మురికికాలువలోకి దిగేవాళ్లు ఎందుకు తాగి దిగుతారో చెప్పడానికి సర్వే అక్కర్లేదు. తాగకుండా ఆ వాసనలోకి దిగలేరు, దిగితే అన్నం ముద్ద నోటికి పోదు. ఇది వాళ్లే ఎన్నోసార్లు చెప్పారు. అలాంటి మనిషి ముందు నిలబడి 'మత్తు వద్దు, జీవితం ముద్దు' అని నినాదమిస్తే అతను ఏమనాలి? 2013 చట్టం చేతులతో మలం ఎత్తించడాన్ని, రక్షణ లేకుండా మురుగు తొట్లలోకి దింపడాన్ని నిషేధించింది. 2023లో మొదలైన నమస్తే పథకం కింద మురుగు కార్మికులను గుర్తించి పేర్లు రాస్తున్నారు, యంత్రాలకు అప్పులిస్తున్నారు. ఆ పథకం కూడా సామాజిక న్యాయశాఖదే. మత్తు గిరాకీ తగ్గించే జాతీయ కార్యాచరణ ప్రణాళికా అదే శాఖది. ఒక ఫైలులో మనిషి మురుగు కార్మికుడు, ఇంకో ఫైలులో మద్యం వ్యసనపరుడు. ఈ రెంటినీ కలపడానికి హోం కార్యదర్శి రానక్కర్లేదు, ఒక గదిలోంచి ఇంకో గదికి కాగితం మోసే అటెండరు చాలు. యంత్రం వచ్చిన ఊళ్లో, మనిషి దిగడం మానిన ఊళ్లో, సీసా ఎంత తగ్గిందో లెక్కపెట్టమని మేము అడుగుతున్నాం. పేర్ల జాబితా ఆ శాఖ దగ్గరే ఉంది.